సలహాదారు లేని పర్యవేక్షణ

అమెరికా కాంగ్రెస్ సభ్యులు రహస్య పత్రాలు చూడాలంటే భద్రతా అనుమతి అక్కర్లేదు; ఓటర్లు గెలిపిస్తే చాలు. వారి సిబ్బందికి మాత్రం నేపథ్య విచారణ, గోప్యతా ఒప్పందం తప్పవు. ఆ పత్రం పనికి అవసరమని కూడా తేలాలి. ఇది సబబే. చిక్కంతా ఈ జాగ్రత్త శ్రుతి మించినప్పుడే.

2003 జులైలో సెనేట్ నిఘా కమిటీ వైస్ చైర్మన్ జే రాక్‌ఫెల్లర్‌కు జాతీయ భద్రతా సంస్థ (ఎన్ఎస్ఏ) సాగిస్తున్న వారంటు లేని నిఘా గురించి చెప్పారు. సిబ్బందితో గానీ, న్యాయవాదితో గానీ చర్చించే వీల్లేదు. తాను సాంకేతిక నిపుణుడినీ కాను, న్యాయవాదినీ కానంటూ ఆయన ఉపాధ్యక్షుడు డిక్ చెనీకి చేత్తో ఉత్తరం రాసి, నకలును సీలు వేసి దాచుకున్నారు. పర్యవేక్షించాల్సిన పెద్దమనిషి చేయగలిగింది అంతే! సంగతి దేశానికి తెలిసింది 2005 డిసెంబరులో, న్యూయార్క్ టైమ్స్ రాశాకే.

లీకుల భయం ఊహ కాదు. విలేకరులతో సంబంధాలపై ఎఫ్‌బీఐకి అబద్ధం చెప్పినందుకు అదే కమిటీ మాజీ భద్రతాధికారికి 2018లో రెండు నెలల జైలు పడింది. అయితే 2013లో ఎన్ఎస్ఏ గుట్టు రట్టు చేసిన స్నోడెన్ చట్టసభ ఉద్యోగి కాడు, ఆ సంస్థకే పనిచేసిన కాంట్రాక్టు ఉద్యోగి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా.

ప్రతి సెనేటర్ సొంత సిబ్బందిలో ఒకరికి అత్యున్నత అనుమతి పొందే వీలు సెనేట్ కల్పించింది. విచారణ ఎంత కఠినంగా ఉన్నా సరే, ప్రతినిధుల సభ కూడా తన సభ్యులకు ఆ వెసులుబాటు ఇవ్వాలి.