ముర్రుపాలెవరివి?

గేదె యీనినదని వినగానే మన యిండ్లలో దూడ యెట్లున్నదని యడుగువారరుదు. జున్నుపాలెప్పుడు వచ్చునని యడుగువారే మెండు. ఉప్పల్, నాచారము ప్రాంతములు కర్మాగారములతోను మేడలతోను నిండినను, జవహర్‌నగర్ వాసులమగు మనకు జున్నుపాల చెంబు గుమ్మము చేరిన దినము నేటికిని పండుగయే. బెల్లమును మిరియపు పొడియు గలిపి యావిరిపై నుడికించిన జున్నును నిందింప నాకు నోరాడదు. చిక్కంతయు వరుసలో నున్నది. ఆ పాలు మొదట త్రాగవలసిన దెవరు?

మానవశిశువు తల్లిగర్భముననే మాయ ద్వారా రోగనిరోధక పదార్థములను గొంత గ్రహించును. ఆవు, గేదె, గొఱ్ఱె, మేక, వీని మాయ యట్టి పదార్థములను బోనీయదు. కావున దూడ నిరాయుధముగ బుట్టును. దాని యాయుధములు ముర్రుపాలలో నున్నవి. వానిని జెడకుండ రక్తములోనికి గైకొను శక్తి దూడ ప్రేగులకు గొన్ని గంటలే యుండును. గంటగంటకు క్షీణించి, యించుమించు నొక దినమునకు నశించును. మఱునాడు కడుపునిండ త్రాగించినను ఆ లోటు తీఱదు.

ఇది క్రొత్తగ దెలిసిన సంగతి కాదు. 1922లో అమెరికాయందు థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అను పరిశోధకులు, ముర్రుపాలు దొరకని దూడలలో బెక్కు పుట్టిన కొలదిదినములకే చచ్చుటను బ్రకటించిరి. నూఱేండ్లు గడచినను, మాయ పడువఱకు దూడను పొదుగునొద్దకు బోనీయరాదను నాచారము పల్లెలలో నింకను వినబడుచున్నది. నిజమునకు దూడ కుడుచుటచే తల్లిదేహమున ఆక్సిటోసిన్ పుట్టి గర్భాశయము ముడుచుకొనును. అది మాయ పడుటకే తోడ్పడును. పెద్దల మాట త్రోసిపుచ్చుట నాకు రుచింపదు గాని, యీ యొక్క మాట దూడల ప్రాణములు దీయుచున్నది.

దున్నదూడ గతి మఱింత దీనము. పొలము దున్నుటకు ట్రాక్టరు వచ్చెను, పాలిచ్చునది కాదాయె. అది త్రాగు ప్రతి గుక్కయు యజమానికి నష్టముగ దోచును. 30 కిలోల దూడకు మొదటి దినమున వలయునది సుమారు 3 లీటర్లు, అనగా దాని బరువులో పదియవ వంతు. దానికి మిగిలినదానితో జున్ను చేసికొన్నచో నెవరు కాదందురు?

గొఱ్ఱెపిల్ల మాటయు నిట్టిదే. 2019 పశుగణనలో తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలు తేలినవి. దేశమున నిదియే ప్రథమస్థానము. ఈనుటకు ముందు ఆఱువారములలోనే గర్భస్థశిశువు మిక్కిలి పెరుగును గనుక, అప్పుడు తల్లికి మేత చాలనిచో పిల్ల బలహీనమై పుట్టి, చలికి వణకి, పొదుగు వెదకుకొనలేక చచ్చును. తడిపిల్లను గొంగడిలో జుట్టి మోయు కాపరికి ఈ శాస్త్రములో సగము మునుపే తెలియును.

ఉప్పల్‌కు జేరువనే చెంగిచెర్లలో కేంద్రప్రభుత్వపు మాంస పరిశోధనాసంస్థ గలదు. పశువు తుదకు మాంసమైన పిదప నెట్లు శుద్ధముగ నుండవలెనో యచ్చట శోధింతురు, అది యవసరమే. దాని తొలిగంటలకును అంతటి శ్రద్ధ పాడిశాలలలో జూపవలెనని నా యభిప్రాయము. పాలను లీటరు లీటరుకు వ్రాసికొను పుస్తకములోనే, దూడ పుట్టిన వేళ, మొదట కుడిచిన వేళ, బ్రదికినదో లేదో, యీ మూడు మాటలును వ్రాయుటకెంత సిరా కావలెను?

చదువరులారా, ఈసారి జున్నుపాలు వచ్చినప్పుడు నేను చెంబు చేతికి దీసికొనుటకు ముందే పాలవానిని, దూడ యెన్ని గంటలకు ద్రాగినదని యడుగదలచితిని.