రికార్డుకెక్కని బాకా

జాజ్ సంగీతానికి పుట్టినరోజు ఏదని అడిగితే చాలామంది 1917 ఫిబ్రవరి 26ను చూపిస్తారు. ఆ రోజు న్యూయార్క్‌లోని విక్టర్ కంపెనీ స్టూడియోలో ఐదుగురు వాయిద్యకారులు రెండు పాటలు రికార్డు చేశారు. జాజ్ పేరుతో బజారులోకి వచ్చిన తొలి రికార్డు అదే. బృందం పేరు ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్. ఐదుగురిదీ న్యూ ఆర్లీన్సే, ఐదుగురూ తెల్లవారే. రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. జాజ్‌ను కనిపెట్టింది తామేనని బృంద నాయకుడు నిక్ లరోకా చివరిదాకా వాదించారు.

ఆ వాదనకు జవాబు చెప్పాల్సిన మనిషి అప్పటికి పదేళ్లుగా లూసియానా ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఉన్నారు. పేరు బడ్డీ బోల్డెన్. 1877లో పుట్టిన ఈ నల్లజాతి కార్నెట్ విద్వాంసుడు 1900 ప్రాంతంలో న్యూ ఆర్లీన్స్ నాట్యశాలలను, పార్కులను ఉర్రూతలూగించారు. బ్రాస్ బ్యాండ్ కవాతు పాటలు, రాగ్‌టైమ్, బ్లూస్, చర్చి పాటలు అన్నీ ఆయన బాకాలో కలిసిపోయేవి. కాగితం మీది స్వరాలకు కట్టుబడకుండా అక్కడికక్కడే అల్లుకుపోవడం ఆయన పద్ధతి. మన కచేరీ భాషలో చెబితే మనోధర్మం. 1907లో మతి చలించి ఆసుపత్రి పాలైన ఆయన 1931లో అక్కడే కన్నుమూశారు.

నిజానికి జాజ్‌ను ఏ ఒక్కరూ కనిపెట్టలేదు. అది ఒక ఊరి ఉమ్మడి ఆస్తి. కానీ చరిత్ర సాక్ష్యం అడుగుతుంది. బోల్డెన్ ఒక మైనపు సిలిండర్ మీద వాయించారని చెబుతారు. అది ఎన్నడూ దొరకలేదు. మిగిలింది ఒకే ఒక్క ఫోటో, తోటి వాయిద్యకారుల జ్ఞాపకాలు.

మరో విచిత్రం. న్యూ ఆర్లీన్స్ సంగీతం ముందుగా రికార్డయింది న్యూ ఆర్లీన్స్‌లో కాదు. కిడ్ ఓరీ బృందం 1922లో లాస్ ఏంజెలెస్‌లో వాయించింది. కింగ్ ఆలివర్ బృందం 1923లో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో వాయించింది. యువ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ లోకానికి వినిపించింది అక్కడినుంచే. 1924లో ఓకే కంపెనీ పరికరాలు మోసుకుని న్యూ ఆర్లీన్స్ చేరేసరికి ఆ ఊరి మేటి విద్వాంసుల్లో చాలామంది పని వెతుక్కుంటూ షికాగో వెళ్లిపోయారు. జాతి వివక్ష కూడా వారిని తరిమింది.

రికార్డు లేనిచోట ఊరే సాక్ష్యం కావాలి. ఆ ఊరు మాత్రం తన గుర్తులను తానే చెరిపేసుకుంది. 2001లో విమానాశ్రయానికి ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టిన నగరమే 1964లో ఆయన పుట్టిన ఇంటిని పోలీసు, కోర్టు భవనాల కోసం నేలమట్టం చేసింది. చిన్ననాడు ఆయనకు పని ఇచ్చి ఆదరించిన కర్నోఫ్స్కీ కుటుంబం సౌత్ రాంపార్ట్ వీధిలో నడిపిన దర్జీ దుకాణం 2002లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. మరమ్మతుకు మాత్రం నోచుకోలేదు. 2021 ఆగస్టులో ఇడా తుపానుకు కూలిపోయింది.

బోల్డెన్‌ను పేదల శ్మశానమైన హోల్ట్ సెమెటరీలో పాతిపెట్టారు. సమాధి సరిగ్గా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. 1998లో అక్కడ ఒక స్మారకం నిలిపారు. అంతకు చాలా ముందే, 1939లో, అదే ఊరివాడైన జెల్లీ రోల్ మోర్టన్ బోల్డెన్ బృందం బాణీని తలచుకుని ఒక పాట రికార్డు చేశారు. పాట పేరులోనే బోల్డెన్ పేరుంది. ఆయన బాకా రికార్డుకెక్కలేదు. పేరు మాత్రం ఎక్కింది, పోయిన ఎనిమిదేళ్లకు, మరొకరి గొంతులో.