పదివేల అడుగులు ఎవరి లెక్క?

మా గ్వెల్ఫ్ ఊళ్ళో స్పీడ్, ఎరమోసా నదులు కలిసేచోటికి దగ్గర్లో చెక్కతో కట్టిన కప్పు వంతెన ఒకటుంది. 1992లో కట్టారు. మా ఇంటినుంచి అక్కడికి మామూలుగా పన్నెండు నిమిషాల నడక. కాలు విరిగాక మొదటిసారి బయటికి వెళ్ళిన రోజున నాకు నలభై నిమిషాలు పట్టింది. ఏదో హిమాలయం ఎక్కినంత సంబరంగా బెంచీ మీద కూర్చుని చేతి గడియారం చూసుకుంటే, 412 అడుగులంది. దాని కింద "ఈ రోజు ఇంకాస్త కదలండి" అని సలహా!

అసలు సంగతేమిటంటే, ఆ జనవరిలో వాన పడి, రాత్రికి గడ్డకట్టింది. పొద్దున్నే చెత్తబుట్ట రోడ్డు మీదికి లాగుతూ జారి పడ్డాను. చీలమండ రెండుచోట్ల విరిగింది. ప్లేటు, మరలు వేశారు. ఆరు వారాలు కాలు నేలకి ఆనించకూడదన్నారు. ఆ తర్వాత బూటు, ఆ తర్వాత చేతికర్ర. ఉద్యోగం ఎలాగూ ఇంటినుంచే కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కానీ కిటికీలోంచి మంచు చూస్తూ మూడు నెలలు గడపడం ఎంత కష్టమో పడ్డవాడికే తెలుస్తుంది. గుంటూరునుంచి అమ్మ మాత్రం, "ఒరే, ఎముక గట్టిపడేదాకా గడప దాటకురా" అని రోజూ ఫోను.

ఇంతకీ అంత దూరం నడిస్తే 412 అడుగులేనా? గడియారంలో ఉండే యాక్సిలరోమీటరు అడుగుల్ని చూడదు, కుదుపుల్ని చూస్తుంది. చెయ్యి ఊగినప్పుడు, మడమ నేలని తాకినప్పుడు వచ్చే కుదుపు ఒక హద్దు దాటితే, అది ఒక లయలో వస్తుంటే, దాన్ని అడుగు అనుకుంటుంది. కర్ర పట్టుకున్న చెయ్యి ఊగదు. ఈడ్చుకుంటూ వేసే అడుగుకి కుదుపూ తక్కువే. అంచేత, అందరికన్నా ఎక్కువ కష్టపడి నడిచేవాడి అడుగులే లెక్కకి రాకుండా పోతాయి. ఇది యంత్రం చెడిపోవడం కాదు. ప్రోగ్రాము రాసినవాళ్ళు ఎవరి నడకని నమూనాగా తీసుకున్నారన్నదే ప్రశ్న.

మరి ఆ పదివేల లక్ష్యం ఎక్కడిది? ఏ వైద్యుడో తేల్చిన లెక్కేమో అనుకుంటాం. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, అంటే 1965లో, యమాసా అనే జపాన్ కంపెనీ అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్మింది. దాని పేరు మాన్పోకే, అంటే పదివేల అడుగుల మీటరు. అలా ఒక సరుకు పేరు ప్రపంచానికి ఆరోగ్యసూత్రమై కూర్చుంది. 2019లో అమెరికాలో పెద్ద వయసు స్త్రీల మీద చేసిన అధ్యయనం ఒకటి వెలువడింది. రోజుకి 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువ. సుమారు 7,500 దాటాక అదనపు ప్రయోజనం కనిపించలేదు.

ఇవన్నీ తెలిసిన కంప్యూటరువాణ్ణి కదా, నేనేం చేశానో చెప్పనా? ఆ అంకె వెంట పడ్డాను. లక్ష్యం అందుకున్న కొద్దీ గడియారం దాన్ని పెంచుతూ పోయింది. వరసగా పదకొండు రోజులు తప్పకుండా నడిచానని బొమ్మ కూడా ఇచ్చింది. పన్నెండో రోజు నొప్పిగా ఉన్నా, ఆ వరస తెగిపోతుందని చీకటిపడ్డాక నది పక్క బాటలో నడిచాను. తెల్లారేసరికి చీలమండ బూరెలా ఉబ్బింది. మూడు వారాలు మళ్ళీ ఇంట్లోనే. కొలత తప్పైతే డాష్‌బోర్డు ఎంత అందంగా ఉన్నా దండగేనని క్లయింట్లకి చెప్పి డబ్బు తీసుకునేవాణ్ణి, నా కాలి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మరిచిపోయాను.

అప్పుడు ఫిజియోథెరపిస్టు చెప్పిన సూత్రం చాలా సులువు. ఇవాళ ఎంత నడిచావన్నది కాదు, రేపు పొద్దున కాలు ఎలా ఉందన్నది చూడు. నొప్పి నిన్నటికన్నా పెరిగితే, నిన్న ఎక్కువైనట్టు. ఈ ఒక్క ప్రశ్న నా గడియారం ఒక్కనాడూ అడగలేదు.

అలాగని వీటిని చెత్తబుట్టలో పారెయ్యమని నేననను. ఫోనులో నేనెక్కడున్నానో మా ఆవిడకి కనిపించబట్టే, నన్ను ఒంటరిగా బయటికి పోనిచ్చింది. మార్పు కూడా అసాధ్యమేం కాదు. యాపిల్ వాచీ 2015లో వచ్చింది. 2016లోనే చక్రాల కుర్చీ వాడేవారికోసం అడుగుల బదులు చక్రం తోపుల్ని లెక్కించడం మొదలుపెట్టారు. కానీ వరస తెగకుండా కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకునే వీలు మాత్రం 2024లో గాని రాలేదు. జబ్బుపడడం మనిషికి సహజమని గుర్తించడానికి తొమ్మిదేళ్ళు పట్టిందన్నమాట!

నేను కోరేది మూడే. విశ్రాంతిని ఓటమిగా చూపించకండి. లక్ష్యం పెట్టే అధికారం మనిషికో, అతని వైద్యుడికో వదలండి. మర్నాటి నొప్పి గురించి ఒక్క ప్రశ్న అడగండి. దీనికి కొత్త సెన్సరేదీ అక్కర్లేదు.

అక్టోబరులో యూనివర్సిటీ ఆర్బొరేటంకి వెళ్ళాను. మేపుల్ ఆకులు ఎర్రబడ్డాయి. గడియారం ఇంట్లో పెట్టి, ఈ బెంచీనుంచి ఆ బెంచీకి అనుకుంటూ గంటసేపు తిరిగాను. మర్నాడు పొద్దున కాలు మామూలుగానే ఉంది. అమ్మకి ఫోను చేసి చెబితే, "ఎంత దూరం నడిచావురా?" అంది. తెలీదన్నాను. మళ్ళీ చలికాలం వస్తోంది. ఈసారి మాత్రం బూట్లకి తొడిగే ఇనుప ముళ్ళు ముందే కొనిపెట్టుకున్నాను. మీరూ కొనుక్కోండి. గడియారంకన్నా చవక.