‘కాదు’ అనగలగడం వెనక

మన సినిమా తారల్లో తమ గురించి తాము దాపరికం లేకుండా చెప్పుకున్న స్త్రీలు బహు తక్కువ. ఆ కొద్దిమందిలో భానుమతీ రామకృష్ణది ముందు వరస. ఆమె ఆత్మకథ ‘నాలో నేను’ చదివినవారికీ, ఆమె మాటలు విన్నవారికీ ఒక ముద్ర మిగిలిపోతుంది: ఈమె ఎవరికీ లొంగని మనిషి. కొందరు దీన్ని ఆత్మగౌరవం అన్నారు, కొందరు పొగరు అన్నారు. మెచ్చుకున్నా, దెప్పిపొడిచినా ఈ మాటలు ఆమె స్వభావం దగ్గరే ఆగిపోతాయి. ఆ స్వభావం నిలబడడానికి కాళ్ళకింద ఏ నేల ఉందని స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనం అడగాలి.

‘మిస్సమ్మ’ (1955) సంగతి అందరికీ తెలిసిందే. అందులో మేరీ పాత్ర మొదట భానుమతిదే. నాలుగు రీళ్ళు తీశారు కూడా. ఒకరోజు ఇంట్లో వరలక్ష్మీ వ్రతం ఉండి, మధ్యాహ్నం వస్తానని ఆమె కబురు పంపారనీ, అది నిర్మాత చక్రపాణికి చేరలేదనీ చెబుతారు. క్షమాపణ చెప్పమంటే ఆమె చెప్పలేదు. సినిమా వదులుకున్నారు. ఆ పాత్ర సావిత్రికి దక్కింది.

ఈ సంఘటనను పత్రికలు ఇద్దరి పంతాల కథగా చెప్పుకుంటూ వచ్చాయి. కానీ అప్పటికి భానుమతి కేవలం నటి కాదు. భర్త రామకృష్ణతో కలిసి నడుపుతున్న భరణీ సంస్థ ఉంది, సొంత స్టూడియో ఉంది. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తనే దర్శకత్వం వహించి తీశారు. ‘మిస్సమ్మ’ పోయినంత మాత్రాన ఇంట్లో పొయ్యి ఆరిపోదు. 1954లో ‘చక్రపాణి’, ‘విప్రనారాయణ’, 1956లో ‘చింతామణి’ వరసగా భరణీ సంస్థ నుంచే వచ్చాయి. పైగా ఆమె గాయని, రచయిత్రి. కాదనడానికి ఆమెకు ధైర్యం కావలసివచ్చింది, నిజమే. ఆ ధైర్యానికి మూల్యం చెల్లించే శక్తి కూడా ఆమెకు ఉంది.

అంతకుముందూ అంతే. 1939లో ‘వరవిక్రయం’లోకి వచ్చినప్పుడు, మగనటులు తన కూతుర్ని తాకరాదని ఆమె తండ్రి షరతు పెట్టారంటారు. ఆ షరతు చెల్లింది. అది సంగీతం తెలిసిన బ్రాహ్మణ కుటుంబం. అదే కాలంలో నాటకాల నుంచీ, కళావంతుల ఇళ్ళ నుంచీ సినిమాల్లోకి వచ్చిన స్త్రీల తరఫున అలాంటి షరతు ఎవరు పెట్టేవారు? పెట్టినా ఎవరు వినేవారు? వారి శరీరాలు అందరివీ అని లోకం ముందే తీర్మానించుకుంది. ఒక స్త్రీకి దొరికిన మర్యాద ఆమె వ్యక్తిత్వం ఒక్కదానివల్లే వచ్చిందని మనం అనుకుంటే, మర్యాద దొరకని స్త్రీలకు వ్యక్తిత్వం లేదని ఒప్పుకున్నట్టే.

ఇక సావిత్రి. ఆమె సంపాదనకూ కీర్తికీ కొదవ లేదు. సాహసానికీ కొదవ లేదు. 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించి, పి. లీల చేత సంగీతం చేయించి, ముఖ్య శాఖలన్నీ స్త్రీలకే అప్పగించారు. ఆ సినిమా డబ్బు తేలేదు. 1971లో తమిళంలో తీసిన ‘ప్రాప్తం’ మరింత ముంచింది. ఆదాయపు పన్ను చిక్కులు వచ్చాయి. ఆమె పెళ్ళి చేసుకున్నది అప్పటికే భార్య ఉన్న వ్యక్తిని. అలాంటి పెళ్ళిలో రెండవ స్త్రీకి చట్టం ఇచ్చే రక్షణ ఎంతటిదో మన సలహా కేంద్రాల్లో కూర్చునేవారికి వేరే చెప్పనక్కరలేదు. నెలల తరబడి స్పృహ లేకుండా ఉండి, 1981 డిసెంబరు 26న ఆమె కన్నుమూశారు.

నష్టపోయిన మగ నిర్మాతలు సినిమారంగంలో లెక్కకు మించి ఉన్నారు. వారిది వ్యాపార నష్టం. సావిత్రిది మాత్రం నీతికథ అయింది: ప్రేమించి చెడింది, తాగి చెడింది, దానాలు చేసి చెడింది. ఆమె తన కథ తాను రాసుకోలేదు. 2018లో వచ్చిన ‘మహానటి’ దాకా ఇతరులే చెబుతూ వచ్చారు.

సావిత్రికి కనీసం చెప్పేవాళ్ళయినా ఉన్నారు. తొలి మలయాళ మూకీ ‘విగతకుమారన్’లో నటించిన పి.కె. రోజీకి ఆ మాత్రం కూడా దక్కలేదు. దళిత స్త్రీ నాయర్ యువతి పాత్ర వేయడమా అని అగ్రవర్ణాలవారు మండిపడ్డారు. ఆమె తిరువనంతపురం విడిచి పారిపోవలసివచ్చింది. ఆత్మకథ మాట అటుంచి, ఆమె నటించిన సినిమాయే మనకు మిగల్లేదు. జ్ఞాపకాలు రాసుకోవడం, ‘అవును, నేనిలాగే బతికాను’ అని చెప్పుకోవడం కూడా ఒక సదుపాయమే. అది అందరికీ దక్కేది కాదు.

రోజీని తరిమిన కేరళలోనే 2017లో సినిమా స్త్రీలు సంఘం పెట్టుకుని, తమ పని పరిస్థితులపై విచారణ కోరారు. జస్టిస్ హేమ కమిటీ ఏర్పడింది. మన తెనాలి ఆడపడుచు శారద అందులో సభ్యురాలు. 2019 డిసెంబరులో నివేదిక అందినా, 2024 ఆగస్టులో గాని వెలుగు చూడలేదు. అదీ కొన్ని భాగాలు తొలగించాక! లైంగిక దోపిడితో పాటు అందులో ఉన్నవి షూటింగు స్థలాల్లో మరుగుదొడ్లు లేకపోవడం, బట్టలు మార్చుకోవడానికి చాటు లేకపోవడం, రాతపూర్వకమైన ఒప్పందాలు లేకపోవడం. బీడీ కార్మికురాలూ, భవన నిర్మాణ కూలీ చెప్పే కష్టాలకు ఇవి ఎంత దగ్గర!

హైదరాబాదులో ఏం జరిగింది? 2018లో ఒక నటి ఫిలిం చాంబరు ముందు నిరసన తెలిపితే, ఆమె చెప్పిన విషయం కన్నా ఆమె నడవడి గురించే ఎక్కువ చర్చ జరిగింది. స్త్రీల సంఘాలు పట్టుబట్టాక 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. కేరళ నివేదిక వచ్చాక, 2024లో, ఆ కమిటీ నివేదికను బయటపెట్టమని తెలుగు నటీమణులు అడగవలసివచ్చింది.

భానుమతిని మనం తప్పక గౌరవించుకోవాలి. అయితే ‘భానుమతిలా ధైర్యంగా ఉండు’ అని జూనియర్ ఆర్టిస్టుకు బోధించడం ఆమె బరువు ఆమె నెత్తినే పెట్టడం అవుతుంది. సొంత స్టూడియో లేని స్త్రీకి స్టూడియోకు బదులు ఏముండాలి? రాసిచ్చిన ఒప్పందం, పని గంటల లెక్క, సమయానికి కూలి, 2013 చట్టం చెప్పిన ఫిర్యాదుల కమిటీ, తన వెనక నిలిచే సంఘం. ఇవి ఉంటే రోజు కూలికి వచ్చిన అమ్మాయి కూడా ‘కాదు’ అనగలదు, అని మర్నాడు మళ్ళీ పనికి రాగలదు. ఆ మర్నాటి పని ఖాయమయ్యేదాకా ధైర్యం కొందరి సొత్తుగానే ఉండిపోతుంది.