కిటికీ మూసినవాడు
ఆంగ్ల చిత్రకారుడు హోగార్త్ 1741లో అచ్చేసిన బొమ్మ ‘ఎన్‌రేజ్డ్ మ్యుజీషియన్’లో ఫిడేలు విద్వాంసుడు కిటికీ దగ్గర చెవులు మూసుకుని మండిపడుతుంటాడు. కింద లండన్ వీధిలో బిడ్డనెత్తుకుని పాటలమ్మే తల్లి, ఓబో ఊదేవాడు, కత్తులు సానబట్టేవాడు, డోలు కొట్టే పిల్లాడు. ఇది వీధి గోల మీద వ్యంగ్యమంటారు. నేనొప్పుకోను. అందులో అందంగా గీసింది తలమీద పాలకుండతో నిటారుగా నడిచే పిల్లనే, వికారమైన ముఖమంతా కిటికీలోనే ఉంది. ఆషాఢంలో మా నిజామాబాద్ ఊరపండుగకు డప్పు మోగితే ‘ఏం సప్పుడిది’ అని తలుపులేసుకునేవాళ్లను చూసినప్పుడల్లా ఈ బొమ్మే గుర్తొస్తుంది. గడ్డి మంట సెగకు తోలు బిగించి, వేలితో మీటి, చెవి ఆనించి, మళ్లీ సెగ చూపిస్తాడు డప్పు కళాకారుడు. ఫిడేలు బిరడా తిప్పి శ్రుతి చేయడమూ ఇదే పని కదా!