ఖర్చు పద్దులో ఆడవాళ్ళు

మన దేశంలో పరిశోధనాత్మక జర్నలిజం గురించి ఎవరు మాట్లాడినా తెహెల్కా పేరు ఎత్తకుండా ఉండరు. రక్షణ ఒప్పందాల్లో లంచాలెలా చేతులు మారతాయో కళ్ళకు కట్టినట్టు చూపించిన ఘనత దానిదే. ఆ ఘనతను కాదనడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అయితే ఆ కథ చెప్పేటప్పుడు అందరూ ఒక చోట గొంతు తగ్గిస్తారు. అక్కడ ఉన్నది ఆడవాళ్ళు. కాబట్టి ఆ చోటు గురించి గొంతెత్తి మాట్లాడాల్సింది మనమే.

ముందు జరిగింది గుర్తు చేసుకుందాం. అనిరుద్ధ బహల్, మాథ్యూ శామ్యూల్ అనే ఇద్దరు విలేఖరులు లండన్‌లో ఉందని చెప్పుకున్న 'వెస్ట్ ఎండ్' అనే ఉత్తుత్తి కంపెనీ ప్రతినిధులుగా నటించారు. సైన్యానికి థర్మల్ కెమెరాలు అమ్ముతామంటూ దళారుల నుంచి సైనికాధికారుల దాకా, అక్కణ్ణుంచి పార్టీ పెద్దల దాకా వెళ్ళారు. లేని సరుకుకి ఉన్న లంచాలిచ్చారు. రహస్య కెమెరాతో తీసిన ఆ టేపులు 2001 మార్చి 13న బయటికొచ్చాయి. బీజేపీ అధ్యక్షుడు, మన హైదరాబాదు మనిషి బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయల కట్ట తీసుకుని సొరుగులో పెట్టుకోవడం దేశమంతా చూసింది. ఆయన రాజీనామా చేశారు. రెండు రోజుల్లో రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ కూడా రాజీనామా చేశారు.

రాజ్యం ఊరుకోలేదు. విచారణ కమిషన్ వేస్తూ, ఆ టేపులు ఎలా తీశారో, ఎందుకు తీశారో కూడా విచారించమంది. దొంగను పట్టిచ్చినవాణ్ణే ముందు బోనెక్కించడం మనకు కొత్త కాదు. తెహెల్కాలో పెట్టుబడి పెట్టినవాళ్ళ వెంటపడ్డారు. 2002లో విలేఖరులను అరెస్టు చేశారు. ఆఫీసు దాదాపు ఖాళీ అయింది. అధికారంలో ఉన్నవాళ్ళను ప్రశ్నించిన వాళ్ళకు ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఇక్కడిదాకా మనం ఆ విలేఖరుల పక్షమే.

2001 ఆగస్టులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ మరో సంగతి బయటపెట్టింది. ఆ పరిశోధనలో భాగంగా తెహెల్కా విలేఖరులు కొందరు సైనికాధికారుల దగ్గరికి సెక్స్ వర్కర్లను పంపారు. డబ్బిచ్చింది విలేఖరులు. ఆ గదుల్లోనూ కెమెరా తిరిగింది.

అప్పుడు మొదలైన రగడ చూడండి. నిన్నటిదాకా లంచం గురించి నోరు మెదపనివాళ్ళు ఒక్కసారిగా నీతి పాఠాలు అందుకున్నారు. వ్యభిచారం, అశ్లీలం, సైన్యం పరువు! వాళ్ళకు కావలసింది ఆ స్త్రీలు కాదు, తెహెల్కాను కొట్టడానికి ఒక కర్ర. ఇటు తెహెల్కాను సమర్థించినవాళ్ళేమో 'అధికారులే అడిగారు కదా, ఇవ్వకపోతే గుట్టు బయటపడేది కాదు కదా, దేశం బాగు కోసం ఆ మాత్రం తప్పదు' అన్నారు. ఒకళ్ళకు ఆమె మచ్చ, ఇంకొకళ్ళకు ఆమె ఎర. మనిషి మాత్రం ఇద్దరికీ కాదు.

ఆ రెండో వాదనే మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టాలి, ఎందుకంటే అది మన మిత్రుల నోట వచ్చింది. సెక్స్ వర్కర్లు మైల అని మనం అభ్యంతరపెట్టడం లేదు. అది వాళ్ళ బతుకుతెరువు. మన ప్రశ్నలు వేరే. గదిలో కెమెరా ఉందని వాళ్ళకెవరైనా చెప్పారా? రేపు ఆ టేపు కమిషన్ ముందుకు, కోర్టుకు, పత్రికలకు పోతే వాళ్ళ గతేమిటని ఒక్క క్షణం ఆలోచించారా? అధికారికి హోదా ఉంది, వకీలు ఉన్నాడు. విలేఖరికి ప్రజాప్రయోజనం అనే డాలు ఉంది. పోలీసులు తలుపు తడితే ముందు జీపెక్కేది ఆ మూడో మనిషే.

సరే, 'తప్పదు' అన్నది నిజమేనా? అధికారి ఆడదాన్ని అడిగాడు. ఆ అడగడం రికార్డయింది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం అంటే డబ్బే కానక్కర్లేదు, పుచ్చుకోవాలని ప్రయత్నించినా నేరమే. అంటే ఆ కోరికతోనే సాక్ష్యం పూర్తయింది. తర్వాత ఆమెను గదిలోకి పంపడం వల్ల కొత్తగా రుజువైందేమిటి? మగ అధికారి కోరికను మగ విలేఖరి తీర్చాడు, అంతే. ఆ చట్టం కూడా ఆమెను చూసింది లంచంగానే. నోట్లకట్ట, సారా సీసా, స్త్రీ - మూడూ ఒకే పద్దు కిందికి వచ్చే సరుకులు. అవినీతిని పట్టుకోబోయినవాళ్ళు ఆ పద్దుని ప్రశ్నించలేదు సరికదా, తమ ఖర్చుల్లోనూ అలాగే రాసుకున్నారు.

తర్వాత లెక్కలు ఎవరెవరికి ఎలా తేలాయి? ఫెర్నాండెజ్ ఏడు నెలలకే, 2001 అక్టోబరులో, మళ్ళీ రక్షణ మంత్రి అయ్యారు. బీజేపీకి తొలి దళిత అధ్యక్షుడైన బంగారు లక్ష్మణ్‌కు 2012 ఏప్రిల్‌లో నాలుగేళ్ళ శిక్ష పడింది. 2014లో ఆయన చనిపోయారు. ఫెర్నాండెజ్ పార్టీ సమతా అధ్యక్షురాలిగా ఉండిన జయా జైట్లీకి 2020లో నాలుగేళ్ళ శిక్ష పడితే అదేరోజు ఢిల్లీ హైకోర్టు దాన్ని నిలిపేసింది. వాళ్ళను నిర్దోషులని నేననడం లేదు. ఫెర్నాండెజ్ డబ్బు పుచ్చుకుంటూ కెమెరాకు చిక్కలేదన్నదీ నిజమే. కానీ పేరుమోసిన రాజకీయుల్లో శిక్ష దాకా వచ్చినవాళ్ళు ఒక దళితుడూ ఒక స్త్రీ కావడం గమనించకుండా ఎలా ఉంటాం?

2023 జూలైలో ఇంకో తీర్పు వచ్చింది. ఆ టేపుల కథనంలో అన్యాయంగా ఇరికించారంటూ కోర్టుకెక్కిన మేజర్ జనరల్ ఎం.ఎస్. అహ్లూవాలియాకు 2 కోట్ల రూపాయల పరువునష్టం చెల్లించమని ఢిల్లీ హైకోర్టు తెహెల్కాను, దాని బాధ్యులను ఆదేశించింది. ఆయన పోగొట్టుకున్న పరువు పరువే, కాదనను. ఇరవై రెండేళ్ళకైనా ఒక సైనికాధికారి పరువుకు విలువ కట్టారు. మరి ఆ గదుల్లోని స్త్రీల పరువు? దానిమీద ఎవరూ దావా వేయలేదు. వేయడానికి వాళ్ళు బయటికి రావాలి, వస్తే మిగిలే పరువెంతో మనకు తెలుసు.

ఇది ఒక్క తెహెల్కా గొడవే అయితే ఇన్నాళ్ళకు ఇంత రాయక్కర్లేదు. రహస్య కెమెరా ఒక వ్యాపారమయ్యాక ఏం జరిగిందో 2007 ఆగస్టులో ఢిల్లీలో చూశాం. ఒక ఉపాధ్యాయురాలు విద్యార్థినులను వ్యభిచారంలోకి దింపుతోందని లైవ్ ఇండియా చానల్ ఒక 'స్టింగ్' ప్రసారం చేసింది. జనం ఆమె మీద పడి కొట్టారు, బట్టలు చింపారు. ఆ స్టింగ్ కల్పితమని తర్వాత తేలింది. చానల్‌ను నెల రోజులు ఆపారు. ఉద్దేశం మంచిదైతే ఆడవాళ్ళను వాడుకోవచ్చని 2001లో ఒప్పుకున్నాం. ఆ తర్వాత ఉద్దేశం పోయింది, వాడకం మిగిలింది.

2013 నవంబరులో తెహెల్కా సంపాదకుడు తరుణ్ తేజ్‌పాల్‌పై ఒక సహోద్యోగిని లైంగిక దాడి ఫిర్యాదు చేసింది. 2021 మేలో గోవా సెషన్స్ కోర్టు ఆయన్ని నిర్దోషిగా ప్రకటించింది. గోవా ప్రభుత్వం అప్పీలు చేసింది. ఆ కేసు మంచిచెడ్డలు ఇక్కడ తేల్చబోవడం లేదు. నేను చెప్పదలచింది ఆఫీసు సంగతి. సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది 1997లో. దేశంలోని వ్యవస్థలన్నిటి గుట్టూ విప్పే ఆ ఆఫీసులో ఫిర్యాదుల కమిటీ వేసింది ఫిర్యాదు వచ్చాక, పదహారేళ్ళ తర్వాత. ఈలోగా సంపాదకుడే తనకు ఆరునెలల 'విరామం' శిక్షగా వేసుకున్నాడు.

పరిశోధనాత్మక జర్నలిజం మనకు కావాలి. రక్షణ రహస్యం పేరుతో సాగే దోపిడీని బయటపెట్టే విలేఖరులు ఎంతమంది ఉన్నా తక్కువే. వాళ్ళమీద రాజ్యం కేసులు పెడితే వాళ్ళ తరఫున నిలబడాల్సిందే. అలా నిలబడుతూనే అడగాలి - మీ కథనంలో ఆడవాళ్ళున్నారా? ఏ పనికి పెట్టారు? వాళ్ళకు చెప్పే పెట్టారా? రేపు వాళ్ళకు ముప్పొస్తే ఎవరు పూచీ? 'ఇప్పుడు ఇవి అడిగితే శత్రువుకి బలం' అంటారు. ఉద్యమాల్లో, పార్టీల్లో, సాహిత్య సంఘాల్లో ఈ మాట మనం ఎన్నిసార్లు వినలేదు! ఆ మాటకు లొంగి ఊరుకున్న ప్రతిసారీ నష్టపోయింది ఆడవాళ్ళే. జర్నలిజం పాఠాలు చెప్పే మన అధ్యాపకురాళ్ళు ఈసారి తెహెల్కా పాఠం చెప్పేటప్పుడు ఆ లక్ష రూపాయల కట్టతో ఆపకుండా, ఆ గదుల సంగతి కూడా చెప్పాలి. విద్యార్థులు వాదించుకోనివ్వండి.