గొర్రె తోక బెత్తెడేనా?

ఎదుగూ బొదుగూ లేని బతుకును 'గొర్రె తోక బెత్తెడు' అంటాం. బెంగాల్ సుందరవనాల గరోల్ గొర్రె చూడటానికి పొట్టిదే, కానీ తరచుగా ఈతకు రెండేసి పిల్లలను వేస్తుంది. అందుకు కారణం ఫెక్-బి అనే జన్యువు. అందులోని మార్పు ఏమిటో 2001లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ పరిశోధన సంస్థ ఆ గుణాన్ని సంకరం ద్వారా దక్కనీ గొర్రెలోకి తెచ్చింది. ఆ గొర్రె పేరు 'నారి సువర్ణ'.

దక్కనీ అంటే ఏదో కాదు మిత్రులారా, మన తెలంగాణ కురుమలు కాసే నల్ల గొర్రె. మన గొంగడి దాని ఉన్నే! ఎండకు, కరువుకు, దూరపు నడకకు ఓర్చుకుంటుంది. మాంసం కోసం నెల్లూరు పొట్టేళ్లతో దాటించి దాటించి ఆ జాతిని పలచన చేసుకున్నాం. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలోనూ 20 గొర్రెలు, ఒక పొట్టేలు అని లెక్క చూశారే గానీ జాతి చూడలేదని నా అభిప్రాయం.

అయితే కవలలు పుడితే ఆదాయం రెండింతలని సంబరపడేవారితోనూ నేను ఏకీభవించను. రెండు పిల్లలకు తల్లి పాలు చాలకపోవచ్చు. చూడి గొర్రెకు చివరి నెలన్నర దాణా పెట్టాలి, బలహీనమైన పిల్లకు సీసాతో పాలు పట్టాలి. పశువైద్యం చదవబోయే మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు మంద కాసేవాళ్లను ముందు అడగాల్సింది ఇదే: బీళ్లన్నీ ప్లాట్లయిన ఊళ్లో ఆ మేత ఎక్కడి నుంచి వస్తుంది?